నో బిడ్

అక్టోబరు ఆఖరి గురువారం, రాత్రి పదకొండు.
విండ్సర్‌లో ఇంకా మంచు పడలేదు గానీ
కిటికీ అద్దానికి చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటోంది.
ప్రణిధి లాప్‌టాప్ నావైపు తిప్పింది.

పన్నెండు కాలేజీలు, పన్నెండు వరసలు.
"ఒక్కోచోట నాలుగు శాతం అనుకో.
రాకపోవడానికి తొంభై ఆరు.
పన్నెండుసార్లు గుణిస్తే అరవై ఒకటి.
అంటే ఎక్కడో ఒకచోట వచ్చేందుకు
ముప్పై తొమ్మిది శాతం!
చెక్ చెయ్యి అమ్మా. నీ పనే కదా."

నా పనే.
హార్ట్‌ఫర్డ్‌లో పద్ధెనిమిదో అంతస్తులో కూర్చుని
ఏ వయసువాళ్ళు ఏడాదికి ఎందరు పోతారో లెక్కగట్టి
ప్రీమియం ఎంతో చెప్పడం, పంతొమ్మిదేళ్ళుగా.
గుణకారంలో తప్పులేదు.
తప్పు దానికి ముందే ఉంది.

ఒకే వీధిలో పన్నెండు ఇళ్ళుంటే
వడగళ్ళు ఇంటికో రోజు చొప్పున పడవు.
ఒక కప్పు చిల్లుపడ్డ రాత్రే పక్క కప్పూ.
పన్నెండు చోట్లకీ వెళ్ళేది ఆ ఒక్క వ్యాసమే,
అదే క్లారినెట్, కెమిస్ట్రీలో అదే బి ప్లస్,
ఎక్కడ తెరిచినా
ఇలాంటి ఇంటిపేర్లు ఆ పూటకే నలభై చూసేసిన కళ్ళు.
ముప్పై తొమ్మిదిలోంచి చాలా కొట్టెయ్యాలి తల్లీ
అని చెప్పాను.
చెప్పకుండా ఉండాల్సింది.

"మరి ఎంత?"
"తెలీదు."
"ఒహాయోలో ఎవరో ముసలాయన ఎప్పుడు పోతాడో తెలుసు,
నా సంగతి తెలీదా?"
"ఆ ఒక్కాయన సంగతీ తెలీదే.
లక్షమందిని ఇస్తే చెప్తాను
వచ్చే ఏటికి ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో.
ఏ కుర్చీ అని మాత్రం అడగకూడదు."

లాప్‌టాప్ మూసింది.
విసురుగా మూసినా బాగుండేది.

మా పెద్దమ్మ కందుకూరులో పొగాకు గ్రేడింగుకి వెళ్ళేది.
ఆకుని వెలుతురుకి ఎత్తి ఒక్క చూపు,
రెప్ప వాలేలోపు ఏదో ఒక కుప్పలోకి.
నిమ్మపండు రంగుది అటు, నారింజది ఇటు,
మచ్చపడ్డది కాళ్ళ దగ్గరికి.
అంత చూపూ పెట్టి కట్టిన బేలు
వేలంలో ఒక్కోనాడు
నో బిడ్ చీటీ అంటించుకుని బండిమీద తిరిగొచ్చేది.
"ఆకుకేమే, బంగారం.
ఇయ్యాళ కొనేవోడికి ఏం కావాలో
ఆకుకెట్టా తెలుసుద్ది?" అనేది పెద్దమ్మ,
ఆ తిరిగొచ్చిన ఆకుతోనే చుట్ట చుట్టుకుంటూ.
చుట్టకి పనికిరాదంటారు అందరూ ఆ రకం.
ఆవిడకి పనికొచ్చింది.

మా వెనక రోడ్డు మీద ఇక్కడా
పాత పొగాకు బారన్లు రెండు మిగిలాయి,
గాలికోసం పక్కపలకలు తెరుచుకునే పొడుగాటి కొట్టాలు.
ఇల్లు చూడ్డానికొచ్చిన రోజు
వాటి ముందు కారు ఆపించాను.
ఎందుకో మా ఆయనకి చెప్పలేదు,
వంటగది నచ్చిందన్నాను.

పెద్దమ్మ సంగతి చెబుదామని నోరు తెరిచాను.
"ప్లీజ్ అమ్మా, ఇప్పుడు పోలికలొద్దు" అంది ప్రణిధి,
ఇంకా మొదలెట్టకుండానే.
రేపు చెత్తబండి వచ్చే రోజని
చెప్పులేసుకుని బయటికి వెళ్ళింది.

తను లేనప్పుడు తెరవకూడదు. తెరిచాను.
పన్నెండు వరసల కింద
నేను చూడని పదమూడోది ఉంది.
స్టోర్స్, మన రాష్ట్రం యూనివర్సిటీ.
శాతం వెయ్యాల్సిన గడిలో అంకె లేదు.
"అమ్మ కారులో నలభై నిమిషాలు" అని ఉంది.

దాన్ని ఏ పట్టికలో వెయ్యాలో
నాకు తోచలేదు.
బయట చెత్తడబ్బా చక్రాలు
వాకిలి పొడుగునా గరగరమంటున్నాయి,
ఆగి, మళ్ళీ గరగరమంటున్నాయి.
లాప్‌టాప్ మూసేశాను,
తను మూసినంత మెల్లగా.